మాల తీసిన మర్నాడు కూడా: మందు తగ్గించుకోవడం, మానేయడం ఎలా

కార్తీకం వచ్చేసరికి మన ఊళ్లలో ఒక వింత చూస్తాం. ఏడాది పొడుగునా సాయంత్రం ఏడైతే వైన్‌షాపు దగ్గర తేలే మనిషి, మెడలో మాల వేసుకుని, నల్లబట్టలు కట్టుకుని, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి శరణుఘోష చెబుతుంటాడు. 41 రోజులు చుక్క ముట్టడు. రంజాన్ నెలంతా మానేసేవాళ్లు, ఈస్టరుకు ముందు శ్రమదినాల్లో మానేసేవాళ్లు కూడా మనకు తెలుసు. అదే మనిషిని ఆగస్టులో అడిగి చూడండి, "మానాలనే ఉంది, నా వల్ల కావట్లేదు" అంటాడు.

ఇంట్లోవాళ్లు దీన్ని చూసి ఒక మాట అంటారు: "దేవుడి కోసం మానినవాడు పెళ్లాం పిల్లల కోసం మానలేడా?" బాధలోంచి వచ్చే మాటే. కానీ దీక్షలో జరిగేది కాస్త నిదానంగా చూడాలి. తాగే వేళకి పూజ ఉంటుంది, భజన ఉంటుంది. పాత జతగాళ్లు "స్వామీ" అని పక్కకి జరుగుతారు, ఎవరూ గ్లాసు చేతిలో పెట్టరు. పొద్దున్నే లేవాలి కాబట్టి రాత్రి పెందలాడే పడుకోవాలి. ఏదైనా తేడా వస్తే అడగడానికి గురుస్వామి ఉంటాడు. ఊరంతా కలిసి ఒక మనిషి చేత మందు మాన్పిస్తుంది. మాల తీసిన రోజున ఈ ఏర్పాటంతా ఒక్కసారిగా ఎత్తేస్తారు, మనిషి ఒంటరిగా పాత సాయంత్రంలోకి వచ్చి పడతాడు. వాన్ ఇంకా ఊరు చేరకముందే, దారిలోనే మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు.

కాబట్టి మనకు కావలసింది మొండితనం కంటే ఏర్పాటు. దాన్ని 42వ రోజున కూడా నిలబెట్టుకోవడం ఎలాగో కింద అడుగు అడుగుగా రాస్తున్నాను. అయితే ఒక హెచ్చరిక ముందే చెప్పాలి: రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. రెండో అడుగు చదవకుండా సీసా పారబోయకండి.

మొదటి అడుగు: వారం పాటు ఏమీ మార్చకుండా రాసుకోండి

"రోజూ కొంచెమే" అనే మాటకు కొలత లేదు. ఒక వారం ఎప్పటిలాగే తాగండి, కానీ ప్రతిసారీ ఫోన్‌లో నాలుగు సంగతులు రాయండి: ఎన్ని గంటలకి, ఏమిటి, ఎంత, ఎవరితో. మర్నాడు గుర్తు చేసుకుని రాస్తే రెండో పెగ్గు తర్వాతవి లెక్కకు రావు, అప్పటికప్పుడే రాయాలి. ఇంట్లో పోసుకునేవాళ్లు ఒక్కసారి దగ్గు మందు మూతతో కొలిచి చూడండి. చేతి అంచనాతో పోసే "పెగ్గు" చాలా ఇళ్లలో 60 మి.లీ. దాటిపోతుంది.

ఇప్పుడు లెక్క. సీసా మీద ఆల్కహాల్ శాతం ఉంటుంది. మిల్లీలీటర్లను ఆ శాతంతో గుణించి, 100తో భాగించి, వచ్చినదాన్ని 0.79తో గుణిస్తే గ్రాములు వస్తాయి. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ములో మామూలుగా 42.8 శాతం ఉంటుంది. అంటే నైంటీలో సుమారు 30 గ్రాములు, క్వార్టర్ (180 మి.లీ.)లో 61 గ్రాములు, హాఫ్ (375 మి.లీ.)లో 127 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఒక 'డ్రింక్' అంటే 10 గ్రాములు. "నేను ఒక్క క్వార్టరే" అనేవారు రోజూ ఆరు డ్రింకులు తాగుతున్నారన్నమాట. ఆ 61 గ్రాముల నుంచి వచ్చే కేలరీలే 425 దాకా ఉంటాయి. మంచింగ్ లెక్క వేరు.

బీరు సంగతి చాలామందిని ఆశ్చర్యపెడుతుంది. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో 7 శాతం ఉందనుకుంటే అది 36 గ్రాములు. రెండు స్ట్రాంగ్ బీర్లు ఒక క్వార్టర్‌ని దాటేస్తాయి. "హాట్ మానేసి బీరుకి వచ్చాను" అని ఊరట పడేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. కల్లుకు మాత్రం ఇలా లెక్క కట్టలేం. పొద్దున దించినదానికీ, ఎండెక్కి పులిసినదానికీ తేడా ఉంటుంది. దుకాణంలో ఏం కలిపారో కలిపినవాడికే తెలియాలి.

వారం చివర రాసుకున్నదంతా చదివితే ఎంత తాగుతున్నారో తెలుస్తుంది. అంతకంటే పనికొచ్చేది ఇంకొకటుంది, ఎప్పుడు తాగుతున్నారన్నది. కొందరికి కూలి డబ్బులు చేతిలో పడిన శనివారం. కొందరికి అమెరికా కాల్ అయిపోయిన రాత్రి పదకొండు. కొందరికి ఇంట్లో మాట పడ్డ రోజు. నాలుగో అడుగులో పెట్టుకోబోయే ఏర్పాటు ఈ రాతల మీదే ఆధారపడుతుంది, చెరిపేయకండి.

రెండో అడుగు: ఇంట్లో ఆపవచ్చా, డాక్టరు దగ్గర ఆపాలా?

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

ఏళ్ల తరబడి రోజూ మందు పడుతున్న మెదడు, ఆ మత్తుకి ఎదురుగా తనను తాను ఎప్పుడూ ఉద్రేకంలో ఉంచుకోవడం నేర్చుకుంటుంది. మందు ఆపిన క్షణాన మత్తు పోతుంది, ఉద్రేకం మిగులుతుంది. చివరి పెగ్గు పడిన 6 నుంచి 12 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, వాంతులు, కంగారు మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటి నాలుగో రోజు లోపల కొందరికి డెలీరియం వస్తుంది: వేళ, చోటు తెలియవు, లేని మనుషులు కనబడతారు, ఒంటి మీద పురుగులు పాకుతున్నట్టు దులుపుకుంటారు, జ్వరం వస్తుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

ఊళ్లలో దీన్ని గాలి సోకిందనుకుంటారు. మాల వేసుకున్న మూడో రోజున వస్తే నియమం తప్పాడు, స్వామి ఆగ్రహం అంటారు. మందు ఆగిన మూడో రోజు కాబట్టి వచ్చింది, అంతే. 2020 లాక్‌డౌన్‌లో వైన్‌షాపులు, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలకి జనం బారులు తీరింది ఈ లక్షణాలతోనే.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మీ అంతట మీరు ఆపకండి, డాక్టరును కలిసి ఆపండి. పొద్దున్నే చేతులు వణికి, ఒక గుక్క పడితేగాని నిమ్మళించకపోవడం. గతంలో ఆపినప్పుడు ఫిట్స్ గానీ, మతి తప్పడం గానీ జరిగి ఉండటం. రోజూ హాఫ్ దగ్గర దగ్గరగా తాగడం. లివరు జబ్బు, గుండె జబ్బు, మూర్ఛ ఉండటం. మందుతో పాటు నిద్రమాత్రలు వాడటం. వయసు పైబడి ఒంటరిగా ఉండటం. రోజూ క్వార్టరే తాగినా వణుకు ఉంటే మీరూ ఈ వరసలోనే ఉన్నారు.

కల్లు తాగేవాళ్లకి ఇంకొక చిక్కు. తెలంగాణలో కల్తీ కల్లులో అల్‌ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారన్నది పాత సంగతే, పట్టుబడ్డ కేసులు లెక్కలేనన్ని. అందువల్ల మానేసేది కల్లే అయినా ఒంట్లోంచి దిగిపోయేది ఆ మత్తుమందు. మెడ వంకరపోవడం, పిచ్చిపిచ్చిగా మాట్లాడటం, ఫిట్స్ రావడం దానివల్లే. డాక్టరుకు "కల్లు" అని ఒక్క మాటతో సరిపెట్టకండి, ఏ దుకాణంలో, ఎన్నేళ్లుగా, రోజుకెన్ని సీసాలన్నది కూడా చెప్పండి.

డాక్టరు దగ్గర ఏం జరుగుతుంది? మామూలుగా క్లోర్‌డయజెపాక్సైడ్, డయజిపాం లాంటి మందును సరిపడా మోతాదులో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో మెల్లగా తగ్గించి ఆపేస్తారు. లివరు బాగా దెబ్బతిని ఉంటే లొరాజిపాం వైపు మొగ్గుతారు. ఇవి కూడా అలవాటయ్యే మందులే. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో మళ్లీ మళ్లీ కొనుక్కోకూడదు, మందు తాగుతూ అసలే వేసుకోకూడదు. రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోగలదు.

దీంతోపాటు బి1 విటమిన్, అంటే థయామిన్. తాగేవాళ్లకి తిండి సరిగా ఉండదు, తిన్నదాంట్లోంచి ఈ విటమిన్ సరిగా ఒంటపట్టదు. అది బాగా తగ్గిపోతే చూపు, నడక, జ్ఞాపకం శాశ్వతంగా దెబ్బతినే జబ్బు వస్తుంది. మన దగ్గర అలవాటు ఏమిటంటే, మనిషి నీరసంగా పడిపోతే ఊళ్లోని ఆర్‌ఎంపీ వచ్చి ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించి వెళ్తాడు. థయామిన్ లేకుండా ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్త విటమిన్ కూడా ఖర్చయిపోయి ఆ జబ్బు ముదరవచ్చు. "ఈయన రోజూ తాగుతాడు, మొన్నటి నుంచి ఆపాడు, బి1 ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ పెట్టండి" అని ఇంట్లోవాళ్లు అడగాలి. అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

ఇలాంటిదే ఇంకొకటి. కాలు విరిగో, హెర్నియా ఆపరేషన్‌కో ఆస్పత్రిలో చేరుతారు. పరువు కోసం తాగుడు సంగతి దాస్తారు. మూడో రోజు రాత్రి వార్డులో లేచి సెలైన్ పీకేసి పరుగెడతాడు, అందరూ మత్తు ఇంజెక్షన్ వికటించిందంటారు. అడ్మిషన్ రోజునే మత్తు డాక్టరుకు నిజం చెబితే ఇది చాలావరకు తప్పుతుంది.

పెద్దాస్పత్రికి వెళ్లేలోపు ఏం చేయాలి? పై లక్షణాలున్నవాళ్లు ఉన్నట్టుండి ఆపకుండా, రోజువారీ కొలతను కొద్దికొద్దిగా తగ్గిస్తూ, డాక్టరు దాకా వెళ్లండి. ఫిట్స్ వచ్చినా, మనిషి అయోమయంగా మాట్లాడినా 108కి ఫోన్ చేయాలి, తెల్లారేదాకా చూడకూడదు. ఫిట్స్‌లో ఉన్నవాళ్లని పక్కకి ఒత్తిగిలించండి, నోట్లో ఏమీ పెట్టకండి. తాళాల గుత్తి చేతిలో పెడితే ఆగుతుందనేది ఒట్టి నమ్మకం.

మూడో అడుగు: తగ్గించాలా, పూర్తిగా మానాలా?

చాలామంది తగ్గించడంతో మొదలుపెడదామనుకుంటారు, అందులో తప్పేమీ లేదు. అయితే తగ్గించడం అందరికీ నప్పే దారి కాదు. లివరు జబ్బు, పాంక్రియాస్ వాపు ఒకసారి వచ్చినవాళ్లు, గర్భిణులు, పై అడుగులో డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చినవాళ్లు పూర్తిగానే మానాలి. ఫిట్స్‌కి, మానసిక సమస్యలకి మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగి తేల్చుకోవాలి. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగరు మాత్రలు గానీ వేసుకుని, తిండి లేకుండా తాగితే రాత్రి నిద్రలోనే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

"రోజూ ఒక పెగ్గు గుండెకు మంచిదట" అన్న మాట మీద ఆధారపడకండి. ఆల్కహాల్ ఇంత వరకైతే ఫరవాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. 1988 నుంచే ఆల్కహాల్ క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటి జాబితాలో ఉంది. నోరు, గొంతు, అన్నవాహిక, లివరు, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లతో దానికి సంబంధం ఉంది. గుట్కా, సిగరెట్టు తోడైతే నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు ఇంకా ఎక్కువ.

తగ్గించదలచుకున్నవాళ్లు బ్రాండు మార్చడం మానేసి గ్రాములు తగ్గించండి. వారంలో ముందే అనుకున్న నాలుగు రోజులు ముట్టకూడదు. ప్రభుత్వం డ్రై డే పెడితే ముందురోజే కొని దాచుకునే జనం మనం. మీ డ్రై డేకి ముందురోజు రెట్టింపు తాగితే లెక్క ఏమీ మారలేదన్నమాట. తాగే రోజున ఎన్ని పెగ్గులో మొదటి పెగ్గుకి ముందే ఇంట్లో ఒకరికి చెప్పండి, ఎందుకంటే మూడో పెగ్గు తర్వాత తీసుకునే నిర్ణయాలు మీవి కావు. ఇంట్లో ఫుల్ బాటిల్ ఉంచకండి. చవకని ఫుల్ కొని వారం వాడతాననుకునేవాళ్లలో వారం వాడినవాళ్లు అరుదు. అన్నం తిన్నాక తాగండి, పరగడుపున వద్దు. పెగ్గుకీ పెగ్గుకీ మధ్య గ్లాసుడు నీళ్లు. మీ గ్లాసు ఎవరి చేతా నింపించుకోకండి, సగం ఉన్న గ్లాసు నింపితే ఎన్నోదో తెలియదు.

ఇలా రెండు నెలలు చూడండి. రాసుకున్న హద్దును పదేపదే దాటేస్తుంటే తగ్గించడం మీకు కుదరదని అర్థం, పూర్తిగా మానడమే తేలిక. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, తగ్గించబోయి విసిగిన చాలామంది చెప్పేదే: "ఒకటా రెండా" అని రోజూ తనతో తాను బేరమాడటంకంటే, వద్దని ఒక్కసారి అనుకోవడంలో శ్రమ తక్కువ.

నాలుగో అడుగు: సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర

మాన్పించేది ఈ మూడు గంటలే, చెడగొట్టేదీ ఇవే. దీక్షలో ఈ వేళను పూజ ఆక్రమిస్తుంది కాబట్టే అది పనిచేస్తుంది. దేవుడి మీద నమ్మకం ఉంటే మాల తీసినా సాయంత్రం గుడి మానకండి. లేకపోతే వేరేది పెట్టుకోండి: షటిల్, వాకింగ్, పిల్లల హోమ్‌వర్కు, పొలం దగ్గర నీళ్లు పెట్టడం, ఇంటికి కూరలు తేవడం. ఏదైనా సరే, దానికి ఒక వేళ, ఎదురుచూసే మనిషి ఒకరు ఉండాలి. "ఖాళీగా ఉన్నప్పుడు ఏదో ఒకటి చేస్తాను" అనే ప్రణాళిక రెండో సాయంత్రానికే పోతుంది.

దారి మార్చండి. పని నుంచి ఇంటికి వచ్చే దోవలో వైన్‌షాపో, పర్మిట్ రూమో ఉంటే నాలుగు వీధులు ఎక్కువైనా చుట్టూ తిరిగి రండి. ఊళ్లో బెల్టు షాపులో ఖాతా ఉంటే మొత్తం కట్టేసి మూయించండి. బాకీ ఉన్నన్నాళ్లూ ఆ గుమ్మం తొక్కాల్సి వస్తుంది, తొక్కినప్పుడల్లా వాడు ఒకటి చేతిలో పెడతాడు. జీతమో, కూలి డబ్బులో పడే రోజున ఇంట్లోవాళ్ల ఖాతాలోకి వెంటనే పంపేయండి.

ఆరు గంటలకల్లా కడుపులో ఏదైనా పడాలి. ఆకలిని చాలామంది మందు కోరికగా పొరబడతారు. ఉప్మా, గుగ్గిళ్లు, రెండు అరటిపళ్లు, చద్దన్నంలో మజ్జిగ, ఏదైనా చాలు. మంచింగ్‌గా తినే చికెన్ పకోడీ, మసాలా పల్లీలు మాత్రం మొదటి నెల దూరం పెట్టడం నయం, ఆ వాసనకే గ్లాసు గుర్తొస్తుంది. ఆల్కహాల్ లేని బీరు కూడా అంతే. చేతిలో గ్లాసు ఉండాలనిపిస్తే నిమ్మకాయ సోడా ఉంది.

కోరిక పుట్టినప్పుడు అది ఎప్పటికీ తగ్గదనిపిస్తుంది. నిజానికి చాలాసార్లు అరగంట లోపలే దాని ఉద్ధృతి తగ్గిపోతుంది. ఆ అరగంట ఇంట్లోంచి బయటికి వెళ్లండి, లేదా స్నానం చేయండి, లేదా ముందే మాట్లాడి పెట్టుకున్న ఒక మనిషికి ఫోన్ చేయండి. ఆ మనిషి మీకు గురుస్వామి లాంటివాడు, కాబట్టి తాగనివాణ్నో, తాగి మానినవాణ్నో ఎంచుకోండి.

ఇక "ఒక్క పెగ్గుకి ఏమైతది రా భయ్", "ఏంటి బావా, అంత పెద్దోడివైపోయావా?" అనేవాళ్ల సంగతి. వాదించకండి, ఉపన్యాసం అసలే వద్దు. "డాక్టరు వద్దన్నాడన్నా, లివరు టెస్టులు నడుస్తున్నయి" అంటే చాలు. ఒకే సమాధానం, ప్రతిసారీ అదే. కారణాలు మారిస్తే బేరం మొదలవుతుంది. పెళ్లి బారాత్, బోనాలు, సంక్రాంతి బరి, దసరా దావత్, ఆఖరికి చావు దగ్గర కూడా మందు తప్పని చోట్లున్నాయి. మొదటి మూడు నెలలు ఇలాంటి వాటికి పగటిపూట వెళ్లి, మొహం చూపించి, అన్నం తిని వచ్చేయండి. తిరిగి రావడానికి బండి మీదై ఉండాలి, వేరేవాళ్ల కారులో వెళితే వాళ్లు లేచేదాకా కూర్చోవాలి.

ఒళ్లు నొప్పులకే తాగుతున్నామనే హమాలీలు, తాపీమేస్త్రీలు, పారిశుధ్య కార్మికులు అబద్ధం చెప్పడం లేదు. ఆ నొప్పి నిజం. దానికి వేన్నీళ్ల స్నానం, కడుపునిండా తిండి, నడుముకి డాక్టరు చెప్పిన మందు ఇవ్వకుండా "మానెయ్" అంటే ఎవరూ మానలేరు. అయితే రోజూ తాగే ఒంటికి పారాసిటమాల్ మామూలు మోతాదు దాటినా లివరుకు ప్రమాదమే, ఎన్ని వేసుకోవచ్చో అడిగి వేసుకోవాలి. ఇంకొక మాట: ఆడవాళ్లలో తాగుడు అలవాటు ఉన్నా బయటికి చెప్పుకునే వీలు ఉండదు. అదే కొలతకు ఆడవాళ్ల లివరు త్వరగా దెబ్బతింటుంది. పేరు చెప్పకుండా ఫోన్‌లో మాట్లాడదామనుకుంటే 14416 టెలీ మానస్ రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

మాల వేసుకుని మానినవాళ్లకి విడిగా: మాల తీసే తేదీ మీకు ముందే తెలుసు. దానికి పది రోజుల ముందే ఈ అడుగులోని ఏర్పాట్లన్నీ మొదలుపెట్టేయండి. తిరుగు ప్రయాణంలో తాగని స్వాములున్న బండి ఎక్కండి. రోజూ తాగేవాళ్లయితే మాల వేసుకోవడానికి ముందే డాక్టరును కలవండి, దీక్షకి రెండో అడుగు నుంచి మినహాయింపు లేదు.

ఐదో అడుగు: మొదటి నెల ఒంట్లో ఏం జరుగుతుంది?

నిద్ర మొదట చెడుతుంది. పది పదిహేను రోజులు సరిగా పట్టదు, పట్టినా పిచ్చి కలలు. మందే నిద్ర పట్టిస్తుందని ఇన్నాళ్లూ అనుకున్నారు కదా, నిజానికి అది గాఢనిద్రను ముక్కలు చేస్తుంది. కొన్ని వారాల్లో దారిలో పడుతుంది. తీపి తినాలనిపిస్తుంది, షుగరు లేనివాళ్లు మొదటి వారాల్లో కాస్త తింటే ఫరవాలేదు. చిరాకు పెరుగుతుంది, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి పెట్టండి. దిగులు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే, బతకడం దండగనిపిస్తే, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, లేదా 14416కి ఫోన్ చేయాలి.

మానడానికి ముందు బీపీ, బరువు, షుగరు, లివరు పరీక్ష (ఎల్‌ఎఫ్‌టీ, అందులో జీజీటీ, అంటే తాగేవాళ్లలో పెరిగే లివరు ఎంజైమ్ కొలత, ఉండేలా చూడండి), వీలైతే కడుపు స్కానింగ్ చేయించి పెట్టుకోండి. ఆరు వారాల తర్వాత మళ్లీ చేయించండి. జీజీటీ దిగడం, బీపీ తగ్గడం కాగితం మీద కనబడితే వచ్చే ధైర్యం ఎవరి మాటలతోనూ రాదు. మందు వల్ల వచ్చిన ఫ్యాటీ లివరు, సిర్రోసిస్ దాకా పోకపోతే, మానేసిన కొన్ని వారాల్లోనే వెనక్కి మళ్లుతుంది. బీపీ, షుగరు మాత్రలు వాడుతున్నవాళ్లు డోసు తగ్గించాల్సి రావచ్చు, మధ్యలో ఒకసారి చూపించుకోండి. కళ్లు పచ్చబడితే, కడుపు నీరు పట్టి ఉబ్బితే, నల్లగా విరేచనమైతే, రక్తం కక్కితే పసరు మందులతో రోజులు వెళ్లదీయకండి.

ఆరో అడుగు: మందు మాన్పించే మందులు, సెంటర్లు

కోరికను తగ్గించే మందులున్నాయి: నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్, బాక్లోఫెన్. ఎవరికి ఏది అన్నది లివరు, కిడ్నీల పరిస్థితిని బట్టి సైకియాట్రిస్టు చెబుతారు. మన దగ్గర వీటి గురించి తెలిసినవాళ్లు తక్కువ. అందరికీ తెలిసింది డైసల్ఫిరామ్. అది వేసుకున్నాక మందు తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఆ భయంతో మానతారు.

"మనిషికి తెలియకుండా కూరలో కలపండి, మానేస్తాడు" అని గోడల మీద, ఫోన్లలో ప్రకటనలు చూస్తుంటాం. దయచేసి ఆ పని చేయకండి. ఆ పొడిలో డైసల్ఫిరామ్ లాంటిది ఉంటే, సంగతి తెలియని మనిషి ఆ సాయంత్రం ఎప్పటిలాగే తాగి గుండె ఆగి పోవచ్చు. అది లేకపోతే మీరు కొన్నది ఒట్టి బూడిద. డైసల్ఫిరామ్ ఎప్పుడైనా ఆ మనిషి అన్నీ తెలుసుకుని, ఒప్పుకుని, డాక్టరు చూపులో వేసుకోవాల్సిందే.

డీ-అడిక్షన్ సెంటరులో చేర్పించే ముందు వెళ్లి చూడండి. రోజూ సైకియాట్రిస్టు వస్తారా, రిజిస్ట్రేషన్ ఉందా, ఇంట్లోవాళ్లని కలవనిస్తారా అని అడగండి. గొలుసులతో కట్టడం, కొట్టడం, నెలల తరబడి గదిలో పెట్టడం వైద్యం కిందికి రావు, గొలుసులతో బంధించడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ప్రైవేటుకి పోయే స్తోమత లేకపోతే ఎర్రగడ్డ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు, మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లోని సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. దగ్గరలోని సెంటరు కోసం 14446 జాతీయ హెల్ప్‌లైన్‌ని అడగవచ్చు. మానేసినవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి డబ్బు కట్టక్కర్లేదు, పూర్తి పేరు చెప్పక్కర్లేదు. ఇంట్లోవాళ్లకి అల్-అనాన్ విడిగా ఉంది.

ప్రభుత్వం షాపులు మూసేస్తే మానేస్తాను అనేవాళ్లకు ఒక పాత సంగతి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో మాట్లాడుకుని సారా దుకాణం మీదికి వెళ్లారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. ఖజానాకు ఆ డబ్బు కావాలి. షాపు మూసే రోజు కోసం ఎదురుచూస్తూ మీ లివరును ఆపలేరు.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

తాగి ఉన్నప్పుడు మాట్లాడకండి, పొద్దున మాట్లాడండి. "నువ్వు మారవు" అనే బదులు "నిన్న రాత్రి పాప భయపడి మంచం కింద దాక్కుంది" అని జరిగింది చెప్పండి. బెల్టు షాపు బాకీ మీరు కట్టకండి, ఆఫీసుకి జ్వరమని మీరు ఫోన్ చేయకండి. పిల్లల మీద ఒట్టు వేయించుకోకండి. ఒట్టు తప్పిన రోజున ఆ సిగ్గుతో ఇంకా తాగుతారు. రోజూ తాగే మనిషి దగ్గర కోపంతో సీసాలన్నీ పగలగొట్టి గదిలో పెట్టి తాళం వేయడం ఎంత ప్రమాదమో రెండో అడుగులో చదివారు. కొట్టే మనిషైతే ముందు మీ సంగతి చూసుకోండి, 181 మహిళా హెల్ప్‌లైన్, 112 ఉన్నాయి. మానడం అతని పని, దెబ్బలు తింటూ కనిపెట్టుకుని ఉండటం మీ పని కాదు.

మధ్యలో ఒకరోజు తాగితే?

మానినవాళ్లలో చాలామంది మధ్యలో ఎప్పుడో ఒకసారి జారతారు. "ఎలాగూ తాగాను కదా" అన్న ఆలోచన ఆ ఒక్క రోజుకంటే ఎక్కువ చెడు చేస్తుంది. మర్నాడే ఆ ఫోన్ మనిషికి చెప్పండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, దానికి గంట ముందు ఏం జరిగిందో మొదటి వారంలో రాసుకున్నట్టే రాయండి. ఏర్పాటులో ఎక్కడో సందు ఉంది, దాన్ని పూడ్చాలి. కొన్ని నెలలు మానిన ఒంటికి పాత తట్టుకునే శక్తి ఉండదు, అప్పటి హాఫ్ ఇప్పుడు ప్రాణాంతకం కావచ్చు, ఆ స్థితిలో బండి అసలే తీయకండి. ఒక్క రోజుతో ఆగిపోతే మర్నాటి నుంచి మీ పాత ఏర్పాటే కొనసాగుతుంది. వారం దాటి రోజూ తాగడం మళ్లీ మొదలైతే మాత్రం, పోయినసారి ఏమీ కాలేదు కదా అని ఒక్కసారిగా ఆపకండి. మందు ఆపినప్పుడు వచ్చే వణుకు, ఫిట్స్ లాంటి లక్షణాలు (వితడ్రాయల్) ప్రతిసారికీ ముందటిసారికంటే గట్టిగా రావచ్చు, డాక్టరును మళ్లీ కలిసే ఆపండి.